పావు ఫిల్సు

షువైఖ్ గిడ్డంగుల వెనక, రెండో అంతస్తులో,
ఏసీ కింద బకెట్టు పెట్టిన గదిలో కూచుని
ప్రతి నెలా ఇరవై ఐదున
మూడొందల పన్నెండు మంది జీతాలు లెక్క కడతాను.

అందులో ఒక్కడికి కోర్టు కాగితం ఉంది.
దస్తగిరి. ఫోర్క్‌లిఫ్ట్. రాయచోటి దగ్గర ఏదో పల్లె.
కాగితం అరబ్బీలో, దానికి గుండుసూదితో గుచ్చిన అనువాదం:
బిడ్డ తల్లి దగ్గర, ఫర్వానియాలో.
తండ్రి సంపాదనలో నాలుగో వంతు బిడ్డది,
మిగతా కోతలన్నిటికంటే ముందు.

ముందు. ఆ ఒక్క మాట కింద గీత గీసుకున్నాను,
సాఫ్ట్‌వేరుకి ఆ మాట తెలీదు కాబట్టి.
అది మొదట అడ్వాన్సు తీస్తుంది, మెస్సు తీస్తుంది,
పోగొట్టుకున్న హెల్మెట్టు ఖరీదు తీస్తుంది,
చివర్న మిగిలిన చిల్లరలో బిడ్డను వెతుకుతుంది.
అందుకే ఈ ఒక్కడి లెక్క చేత్తో వేస్తాను.

మూలవేతనం నూట ఎనభై.
ఓవర్‌టైము ముప్పై ఒకటి, ఆరువందల ఇరవై ఐదు ఫిల్సులు.
జ్వరంతో రాని రెండు రోజులకు పన్నెండు పోను
నూట తొంభై తొమ్మిది, ఆరువందల ఇరవై ఐదు.
నాలుగో వంతు: నలభై తొమ్మిది, తొమ్మిదివందల ఆరు,
ఇంకో పావు ఫిల్సు.

దినారుని వెయ్యి ముక్కలు చేసిన దేశంలో కూడా
పావు ఫిల్సుకి నాణెం లేదు.
వదిలేయాలి. వదిలేశాను.
బస్సు ఐదో రింగురోడ్డు దాటేదాకా
దాని గురించే ఆలోచించాను.

మొదటి నెల కోపంగా వచ్చాడు, స్లిప్పు పిడికిట్లో నలిపి.
“ఏందక్కా ఇది, డిడక్షన్ అంటే?”
కోత, అన్నాను.
ఎందుకో నవ్వాడు. “మా పక్క కోతలంటే కొర్రకోతలే.
కోసినోళ్లకీ, పరిగె ఏరుకునేటోళ్లకీ,
ఆఖరికి గువ్వలకీ పెట్టాల.”
ఆ మాట నాకు ఇంకోలా కూడా తెలుసు,
ముందు కడుపుని చేర్చి పలికేది.
చెప్పలేదు. రెండో ప్రతి మీద సంతకం తీసుకున్నాను.

ప్రొద్దుటూరులో, నా చిన్నప్పుడు,
ఏడో తారీఖుకి అటూ ఇటూగా మనియార్డరు వచ్చేది.
కోర్టు రాసింది మూడొందలు.
వచ్చేది రెండొందల ఎనభై ఏడు, ఒక్కోసారి రెండొందల డెబ్బై.
“తక్కింది ఎవరు తిన్నారో!” అనేది అమ్మ, పోస్ట్‌మ్యాన్ వినేలా.
ఎవరూ తినలేదమ్మా.
ఆ డిపో లెక్కలో మనం చివరి వరసలో ఉన్నాం, అంతే.

నాన్న దస్తూరి ఎట్లా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలీదు.
ఫారం నింపేది బస్సు డిపోలో జీతాల గుమాస్తా.
అతను ఏడు వేస్తే
అంకె నడుముకి అడ్డంగా చిన్న గీత ఉండేది.
పలక మీద నేనూ అట్లాగే దిద్దుకున్నాను,
టీచరమ్మ చెరిపిస్తే మళ్లీ.

రంజానులో ఓవర్‌టైము పడిపోయింది: పదిన్నర.
దస్తగిరి మధ్యాహ్నం వచ్చాడు, పెదాలు ఎండి.
“ఈ నెల తగ్గిందే. పాప పండక్కి బూట్లు అడిగిందక్కా.
నా వంతులోంచి ఐదు దినార్లు కలిపి పంపు.”
ఉత్తర్వు కంటే ఒక్క ఫిల్సు ఎక్కువ నేను కోయలేను.
అందుకు వేరే ఫారం ఉంది. ఇచ్చాను.
నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.
పండగ వెళ్లిపోయింది. ఫారం రాలేదు.
అడగడం నా పని కాదు.
రెండుసార్లు అడిగాను.

ఆ నెల మాత్రం లెక్క నిక్కచ్చిగా తెగింది.
నూట తొంభైన్నరలో నాలుగో వంతు
నలభై ఏడు, ఆరువందల ఇరవై ఐదు. శేషం సున్నా.
బ్యాంకు ఓచరు చేత్తోనే రాయాలి.
అందులో పాప పేరుకి గడి లేదు, కేసు నంబరుకి ఉంది.
నాలుగు వేశాను.
ఏడు దగ్గర పెన్ను కాస్త ఆగి
నడుముకి అడ్డంగా గీత గీసింది.